పాట మధ్యలో చెప్పుకునే పేరు

దక్షిణాఫ్రికాలో జులూ జనం పాడుకునే మస్కాండా పాటను మొదటిసారి వినేవాళ్లకు ఒకచోట తికమక కలుగుతుంది. గిటారు సాఫీగా నడుస్తుంటుంది, గొంతు రాగంలో సాగుతుంటుంది. ఉన్నట్టుండి పాటగాడు రాగం వదిలేసి మాటల్లోకి దిగుతాడు. చేటలో గింజలు పోసినట్టు గడగడా మాట్లాడేస్తాడు. గిటారు మాత్రం ఆగదు. భాష తెలియనివాళ్లు అతనెవరినో తిడుతున్నాడనుకుంటారు. నిజానికి అతను తన పేరు చెప్పుకుంటున్నాడు. ఇంటిపేరు, తండ్రి పేరు, తమ తెగపెద్ద ఎవరు, తను ఏ కొండ కింద పుట్టాడు, ఏ వాగు నీళ్లు తాగి పెరిగాడు, అవన్నీ వరసగా చెబుతాడు. గిటారు మీద తన వేళ్లకు సాటి వచ్చేవాళ్లెవరో ముందుకు రమ్మని కూడా కొన్నిసార్లు అంటాడు. ఆ మాటల్ని జులూలో ఇజిబొంగో అంటారు. పొగడ్తలు అని అర్థం. పాటగాడు తన్ను తానే పొగుడుకుంటాడు, అందరి ముందూ, సిగ్గు పడకుండా.

ఇలా తన గొప్ప తాను చెప్పుకోవడం మంచిదేనా?

మనకు బడిలో నేర్పిన జవాబు సిద్ధంగా ఉంది. ఆత్మస్తుతి కూడదు, నిండుకుండ తొణకదు. గూడెంలో పెద్దవాళ్లు చెప్పేది కూడా దానికి దగ్గరగానే ఉంటుంది. పాట ఊరిది, పాడేవాడిది కాదు. రేలపాట ఎవరు కట్టారో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అందరూ చేతులు పట్టుకుని వలయంగా ఆడేటప్పుడు ఒకడు బయటికొచ్చి నేను ఫలానా అంటే నవ్వుతారు.

అయితే మన పిల్లలు గొప్ప చెప్పుకోవడం దాకా రానేలేదు. పట్నంలో కాలేజీలో చేరిన పిల్లవాణ్ని మీదే ఊరని అడగండి. దగ్గర్లో బస్టాండున్న ఊరి పేరు చెబుతాడు, గూడెం పేరు చెప్పడు. ఇంటిపేరు అడిగితే మొదటి అక్షరం చెప్పి ఊరుకుంటాడు. ఫోన్లో అమ్మతో మన భాషలో మాట్లాడాల్సి వస్తే ఆడపిల్ల హాస్టల్ వరండా చివరికి నడిచి వెళ్తుంది. దీన్ని వినయం అనగలమా? నిండుకుండ తొణకకపోవడం ఒకటి, కుండలో ఏముందో చూపించడానికి భయపడటం ఇంకొకటి. రెండింటినీ ఒకే సామెతతో కొలవడం వల్ల మన టీచర్లకు కూడా తేడా కనిపించకుండా పోతోందని నా అనుమానం.

జులూ పాటగాళ్ల బతుకులు ఈ తేడాను ఆలోచించడానికి పనికొస్తాయి. అందులోనూ సిఫో మ్చును అనే పాటగాడి బతుకు. అతని దగ్గరికి వెళ్లే ముందు ఈ పొగడ్త ఎక్కడ పుట్టిందో కొంచెం చెప్పాలి.

జులూ రాజ్యం 1879లో ఆంగ్లేయులతో యుద్ధం చేసింది. ఆ జనవరిలో ఇసాండ్లవానా దగ్గర బల్లేలు పట్టుకున్న జులూ సైన్యం తుపాకులున్న ఆంగ్ల దళాన్ని ఓడించింది. చివరికి మాత్రం రాజ్యం పోయింది. అదే 1879లో మన గోదావరి ఏజెన్సీలో రంప తిరుగుబాటు మొదలైంది. ఇక్కడివాళ్లకు అక్కడి సంగతి తెలియదు, అక్కడివాళ్లకు ఇక్కడి సంగతి తెలియదు, పన్ను మాత్రం ఇద్దరికీ తెలుసు. నేటాల్‌లో గుడిసెకు పన్ను వేశారు, తర్వాత తలకు పన్ను వేశారు. తలపన్ను మీద 1906లో బంబాథా నాయకత్వంలో తిరుగుబాటు వచ్చింది, దాన్ని అణిచేశారు. 1913లో వచ్చిన భూమి చట్టం దేశం మొత్తం భూమిలో 7 శాతం మాత్రమే నల్లవాళ్లకు వదిలింది. పన్ను కట్టాలంటే డబ్బు కావాలి, డబ్బు కావాలంటే కూలికి పోవాలి. 1886లో బంగారం బయటపడిన జొహానెస్‌బర్గ్ గనులకు, డర్బన్ రేవుకు, తెల్లవాళ్ల ఇళ్లకు, చెరకు తోటలకు యువకులు బయల్దేరారు.

పట్నం దుకాణాల్లోనూ పల్లెల్లో వ్యాపారుల కొట్లలోనూ చౌకరకం గిటార్లు, కాన్సర్టీనా అనే చిన్న చేతిపెట్టెలు దొరికేవి. కూలికెళ్లినవాడు ఒకటి కొనుక్కునేవాడు. మైళ్లకొద్దీ నడిచే దారిలో అదే తోడు. అందుకే పాత మస్కాండా పాటల లయలో నడక వినిపిస్తుందంటారు. ఆ దేశంలోని డచ్చి సంతతివాళ్ల భాషలో వాయిద్యగాణ్ని ముసికాంట్ అంటారు. జులూ నోట్లో పడి అది మస్కాండా అయింది. వాయిద్యం తెల్లవాడిది, పేరు తెల్లవాడిది. వాయించింది మాత్రం పాత విల్లు పాట. జులూ ఆడవాళ్లకు ఉమఖ్వెయానా అనే విల్లు వాయిద్యం ఉంది. వంచిన కర్రకు తీగ కట్టి, దానికి ఎండిన సొరబుర్ర తగిలిస్తారు. ఆ తీగ మీద పలికే స్వరాల్ని గిటారులోకి తెచ్చుకోవడానికి మగవాళ్లు గిటారు శ్రుతినే మార్చేశారు, సన్నతీగను కొంచెం కిందికి దించి. పాట మొదట్లో శ్రుతిని పరీక్షిస్తున్నట్టు తీగల మీద చకచకా ఒక విసురు వాయిస్తారు, దాన్ని ఇజిహ్లాబో అంటారు. తెలిసినవాళ్లకు ఆ విసురు వింటేనే వచ్చినవాడెవరో తెలిసిపోతుందట. గిటారు కొనలేని పిల్లలు నూనె డబ్బాకు కర్ర బిగించి, తీగలు కట్టి సొంతంగా చేసుకునేవాళ్లు. ఆ డబ్బా గిటారు పేరు ఇగొగొగో.

ఇక పొగడ్త. జులూ రాజుల కొలువులో ఇంబొంగి అనే పొగడ్తకవి ఉండేవాడు. రాజు వచ్చినప్పుడల్లా ఆయన వంశం, యుద్ధాలు, తప్పులు కూడా వరసగా చదివేవాడు. రాజుకే కాదు, మామూలు మనిషికీ పొగడ్త ఉండేది. ఎద్దులకు కూడా ఉండేది. ఊళ్లో ఉన్నంతకాలం నీ పొగడ్త చెప్పడానికి పక్కన ఎవరో ఒకరు ఉంటారు. నువ్వు ఆడుతుంటే నీ జతగాళ్లు అరిచి చెబుతారు. పట్నంలో ఎవరు చెబుతారు? అక్కడ 60 ఏళ్ల మనిషినైనా యజమాని బాయ్ అనే పిలిచేవాడు. నోరు తిరగని పేరు ఎందుకని జాన్ అనో జిమ్ అనో కొత్త పేరు తగిలించేవాడు. 1952 చట్టం తర్వాత 16 ఏళ్లు దాటిన ప్రతి నల్లమనిషి పాస్ పుస్తకం జేబులో పెట్టుకుని తిరగాలి. పోలీసు అడిగినప్పుడు పుస్తకం చూపించకపోతే జైలే. పగలంతా పుస్తకంలో నంబరు, పనిలో బాయ్. ఆదివారం నాడు కూలీల హాస్టల్ గోడ దగ్గర గిటారు పట్టుకుని కూర్చున్నవాడు పాట మధ్యలో, నేను ఫలానా ఇంటివాణ్ని, ఫలానా వాగు అవతల పుట్టినవాణ్ని అంటే, ఆ మాటలో గర్వం ఎంత ఉంది, అవసరం ఎంత ఉంది?

నా లెక్కలో అది జవాబు. ఎవరో రోజంతా నీకు తప్పుడు పేరు పెట్టి పిలిచారు, నువ్వు అసలు పేరుతో బదులు పలికావు. పిలుపే లేకుండా తన గొప్ప తాను చెప్పుకునేవాడికీ, తప్పుడు పిలుపుకు బదులిచ్చేవాడికీ తేడా ఉంది. ఆత్మస్తుతి కూడదన్న నీతి రాసినవాళ్లను బహుశా ఎవరూ తప్పుడు పేరుతో పిలిచి ఉండరు.

ఇంకో విషయం గమనించాలి. ఆ పొగడ్తలో నేను అన్నమాట ఎన్నిసార్లు వచ్చినా, అందులో ఒంటరి మనిషి లేడు. తండ్రి, తాత, పెద్ద, కొండ, వాగు ఉన్నారు. తనవి అని చెప్పుకునేవి ఏవీ తను ఒక్కడే సంపాదించినవి కావు. పాట ఊరిది అని మన పెద్దలు అనే మాటకు ఇది ఎదురు కాదనిపిస్తుంది. మన దగ్గర ఊరంతా కలిసి పాడి ఒక్కరి పేరూ చెప్పదు. అక్కడ ఒక్కడే పాడి ఊరంతటి పేరూ చెబుతాడు. గోండుల వంశాల కథల్ని ప్రధానులు, తోటీలు కిక్రీ పట్టుకుని చెబుతారు కదా. ప్రధాని లేని పరాయి చోట గోండు పిల్లవాడు తన వంశం తానే చెప్పుకోవలసి వస్తే ఎలా ఉంటుందో ఊహించండి. మస్కాండా అలాంటి పరిస్థితిలో పుట్టిన పాట.

ఈ పాటను రికార్డుల్లోకి తెచ్చినవాళ్లలో పెద్దవాడు జాన్ భెంగు. 1930లో ఎన్కాండ్లాలో పుట్టాడు, 1985లో పోయాడు. తీగల్ని అరచేత్తో మీటే పద్ధతికి బదులు వేళ్లతో విడివిడిగా గిల్లి వాయించే ఉకుపీకా పద్ధతికి అతన్ని ఆద్యుడిగా చెప్పుకుంటారు. 1950లలో ఒట్టి గిటారుతో రికార్డులిచ్చాడు. తర్వాత 1970ల మొదట్లో కరెంటు గిటారు, డ్రమ్ములు పెట్టుకుని కొత్త మోత పుట్టించాడు. జనం అతన్ని ఫుజుషుకేలా అన్నారు, చక్కెర తాగేవాడని. అతని దారిలో వచ్చిన కొందరు తమ పేరులోనూ ఆ తాగే మాటను నిలుపుకున్నారు. పాత మస్కాండా ఇష్టపడేవాళ్లు డ్రమ్ములు వచ్చాక పాట పాడైందన్నారు. మన దగ్గర డీజే గురించి అనే మాటే. నాకు ఆ తగువులో పెద్ద ఆసక్తి లేదు. డ్రమ్ములు వచ్చినా పొగడ్త ఉండే చోటు పోలేదు, నాకు కావలసింది అదే.

సిఫో మ్చును 1951లో నేటాల్‌లోని క్రాన్స్‌కాప్ ప్రాంతంలో పుట్టాడు. బడి చదువు లేదు. జొహానెస్‌బర్గ్ వచ్చి తోటపనికి కుదిరాడు. గిటారు, జులూ ఆట రెండూ బాగా వచ్చినవాడు. 1969లో అతనికి ఒక విచిత్రమైన వార్త చెవిన పడింది. తెల్లపిల్లవాడు ఒకడు జులూ గిటారు వాయిస్తున్నాడట. పోటీకి రమ్మందామని వెతుక్కుంటూ వెళ్లాడు. ఆ పిల్లవాడు జానీ క్లెగ్. 1953లో ఇంగ్లండులో పుట్టి జొహానెస్‌బర్గ్‌లో పెరిగాడు. అప్పటికి 16 ఏళ్లు. ఒక భవనంలో గదులు ఊడ్చే పని చేసుకుంటూ వీధిలో గిటారు వాయించే చార్లీ మ్జిలా అనే జులూ కూలీ దగ్గర నేర్చుకున్నాడు. గురువు ఊడ్చేవాడు, శిష్యుడు ఆ భవనాల్లో ఉండే జాతివాడు. ఆ కాలపు దక్షిణాఫ్రికాలో ఇది తలకిందుల లోకం. కూలీల హాస్టళ్లకు వెళ్తున్నందుకు క్లెగ్‌ను 15 ఏళ్లకే పోలీసులు పట్టుకున్నారు.

పోటీకి వచ్చిన మ్చును స్నేహితుడయ్యాడు. ఇద్దరూ జంటగా వాయించడం మొదలుపెట్టారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి బహిరంగంగా వేదికెక్కడానికి వీల్లేదు కాబట్టి ఇళ్లలో, చర్చి హాళ్లలో, హాస్టళ్లలో, యూనివర్సిటీ గదుల్లో పాడారు. క్లెగ్ మానవశాస్త్రం చదివి ఆ పాఠమే చెప్పేవాడు, మ్చును తోటపని చేసేవాడు. తర్వాత మరికొందరిని కలుపుకుని బృందం కట్టారు. దానికి మ్చును ఎద్దు పేరు పెట్టారు, జులూకా అని. చెమట అని అర్థం. 1979లో మొదటి పెద్ద రికార్డు వచ్చింది. ప్రభుత్వ రేడియోలో ఏ భాషకు ఆ భాష స్టేషను వేరు. జులూ, ఇంగ్లీషు కలిపి పాడే పాటకు ఏ స్టేషనులోనూ చోటు లేదు. అయినా ఆ పాటలు జనంలోకి వెళ్లాయి, ఇంగ్లండుకు, అమెరికాకు, ఫ్రాన్సుకు వెళ్లాయి. ఫ్రాన్సులో క్లెగ్‌ను తెల్ల జులూ అని పిలిచారు.

ఇక్కడ మన యువకులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. తెల్లవాడు జులూ పాట పాడొచ్చా? మన పాట, మన గుస్సాడీ, మన ధింసా ఇతరులు వేదికల మీద ఆడి డబ్బు చేసుకుంటుంటే మనకు మండుతుంది. మండటం న్యాయమే. అయితే మంట ఎక్కడ పెట్టాలో తెలియాలి.

ఇద్దరు బయటివాళ్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటివాడు క్లెగ్. భాష నేర్చుకున్నాడు, ఆట నేర్చుకున్నాడు, పోలీసులకు దొరికాడు, గురువు పేరు పదిచోట్ల చెప్పాడు, జీవితాంతం ఆ జనంతోనే ఉన్నాడు. 2019లో కేన్సర్‌తో పోయాడు. అంతకన్నా ముఖ్యం, మస్కాండాలోనే ఒక కాపలా ఉంది. రాగం అరువు తెచ్చుకోవచ్చు, వేళ్ల నడక అరువు తెచ్చుకోవచ్చు. పొగడ్త దగ్గరికి వచ్చేసరికి ఎవడి వాగు వాడు చెప్పుకోవాలి. మ్చును కొండను ఇంకొకడు తన కొండ అంటే ఆ వాకిట్లో కూర్చున్న నలుగురూ నవ్వుతారు.

రెండో కథ సొలమన్ లిండాది. మ్సింగా ప్రాంతపు జులూ యువకుడు, జొహానెస్‌బర్గ్‌లో ఒక రికార్డుల కంపెనీలో సరుకు సర్దే పని చేసేవాడు. 1939లో తన బృందంతో అక్కడే ఎంబూబే అనే పాట రికార్డు చేశాడు. ఎంబూబే అంటే సింహం. ఆ పాట హక్కులకు అతనికి దక్కింది 10 షిల్లింగులు. రికార్డు అమెరికా చేరింది. అక్కడివాళ్లు మాట సరిగా వినబడక విమోవే అని పాడారు, 1961లో ఇంగ్లీషు మాటలు కట్టి ప్రపంచమంతా పాడారు, తర్వాత సినిమాల్లో వాడారు. మీరూ ఏదో ఒక కార్టూను సినిమాలో విని ఉంటారు. పాట మీద వేరేవాళ్ల పేర్లుండేవి. లిండా 1962లో పేదవాడిగానే చనిపోయాడు, సమాధి మీద రాయి వేయించడానికి కూడా భార్య దగ్గర డబ్బు లేదు. కూతుళ్లు కోర్టుకెక్కాక 2006లో ఒప్పందం కుదిరింది, అతను పోయిన 44 ఏళ్లకు.

లిండా పాటను బయటివాళ్లు పాడటం నాకు తప్పుగా కనిపించదు. పేరు తీసేయడం తప్పు, కూలి ఎగ్గొట్టడం తప్పు. అందుకే పాట ఊరిది, పేరెందుకు అనే మన మంచి అలవాటును ఇప్పుడు కొంచెం జాగ్రత్తగా చూసుకోవాలంటాను. గూడెం లోపల అది ధర్మమే. సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకుని పోయేవాడు వచ్చాక, పేరు లేని పాట దారిలో దొరికిన సొమ్మవుతుంది. ఎవరు పాడారు, ఏ గూడెంలో పాడారు, ఏ పండుగకు పాడారు, ఇది రాసిపెట్టడం ఎవరి గొప్పా చెప్పడం కాదు. కంచుమేళం మీద సమ్మక్క సారలమ్మ కథ చెప్పే కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చేదాకా ఆ కథ చెప్పే మనుషులున్నారనే సంగతి మన పాఠ్యపుస్తకాల పిల్లలకే తెలియదు.

పేరు చెప్పుకోవడంలో ప్రమాదం లేదని నేననను. ఉంది, అదీ జులూల చరిత్రలోనే ఉంది. నల్లవాళ్లు తమ తెగ గొప్పలు చెప్పుకోవడం ఆనాటి తెల్ల ప్రభుత్వానికి బాగా ఇష్టం. ఏ తెగ పాట ఆ తెగ పాడుకోవాలి, ఏ తెగ రేడియో ఆ తెగ వినాలి, ఏ తెగ తన పనికిరాని భూమిలో తాను పడి ఉండాలి. దాన్ని స్వదేశం అన్నారు. పేరు చెప్పుకునే చోటును గోడగా కట్టేశారు. 1980ల చివర్లో, 1994 ఎన్నికల ముందు, జులూల మధ్యనే రెండు పార్టీల పేరుతో వేలమంది చచ్చిపోయారు. కాబట్టి నా పేరు ఇది అనే మాట, నీకు పేరు లేదు అనే మాటగా మారడానికి ఎంతో దూరం నడవక్కర్లేదు. మన దగ్గర ఒక తెగ సంఘానికీ ఇంకో తెగ సంఘానికీ రిజర్వేషన్ల మీద జరిగే గొడవల్లో ఆ దూరం ఎంత తక్కువో చూస్తూనే ఉన్నాం. ఎవరి బాధలో న్యాయం లేదని అనను. ఆ గొడవల్లో వాడే మాటలు మాత్రం పొగడ్తలోంచి తిట్టులోకి జారిపోతున్నాయి.

అయితే మంచి పాటగాడు ఈ జారుడు నుంచి తప్పించుకోగలడు. ఫుజెఖెమిసి అనే మస్కాండా గాయకుడు 1992లో తన సోదరుడితో కలిసి ఇంబిజో అనే పాట పాడాడు. ఇంబిజో అంటే పెద్ద పిలిచే సభ. మాటిమాటికీ సభ పెట్టి జనం దగ్గర డబ్బు అడిగే పెద్దల మీద ఆ పాట. పొగడ్తలో తెగపెద్ద పేరు చెప్పుకునేవాళ్లే అదే నోటితో ఆ పెద్దను నిలదీశారు. మనవాడైతే మాట్లాడకూడదు అనే నీతి వాళ్లు ఒప్పుకోలేదు. ఆడవాళ్ల సంగతి కూడా చెప్పాలి. విల్లు వాయిద్యం ఆడవాళ్లది, అందులోంచి వచ్చిన గిటారు మగవాళ్లదైపోయింది. బుసి మ్హ్‌లొంగో అనే ఆమె ఆ మగ పాటలోకి నడిచి వచ్చి 1990ల చివర్లో దాన్ని తన గొంతుతో పాడింది. ఆమె రికార్డు విన్నవాళ్లకు మస్కాండా మగవాళ్ల సొత్తు అని అనబుద్ధి కాదు.

మళ్లీ మ్చును దగ్గరికి. 1985లో జులూకా పేరు మోగిపోతున్న రోజుల్లో అతను బృందం వదిలేసి ఊరికి వెళ్లిపోయాడు. కుటుంబం పొలం, పశువులు చూసుకోవడానికి. క్లెగ్ కొత్త బృందంతో ముందుకెళ్లాడు. తర్వాత మ్చును సొంతంగా పాటలు రికార్డు చేశాడు, 1997లో ఇద్దరూ మళ్లీ కలిసి ఒక రికార్డు తెచ్చారు. కానీ ఆ 1985 నిర్ణయం చాలామందికి అర్థం కాలేదు. ఉద్యోగం వచ్చాక ఊరొదలని మన కుర్రవాణ్ని చూసి తల కొట్టుకున్నట్టే కొట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు.

నేను దాన్ని త్యాగంగా చూపించదలుచుకోలేదు. ప్రతివాడూ ఊరికి తిరిగి వెళ్లాలని చెప్పేవాళ్లంటే నాకు అనుమానం, ముఖ్యంగా వాళ్లు పట్నంలో ఉండి చెబుతుంటే. ఊళ్లో బడి లేక, ఆసుపత్రి లేక పట్నం వచ్చినవాడిది తప్పెలా అవుతుంది? కానీ మ్చును చేసిన పనిలో ఒక పొంతన ఉంది. ఏళ్ల తరబడి వేదికల మీద బృందం పేరుగా మోగినది అతని మందలోని ఎద్దు పేరు. ఆ పేరు నిజంగా ఒక ఎద్దుది, ఆ ఎద్దు మేసే చోటు నిజంగా ఉంది, దాన్ని చూసుకోవలసిన మనుషులు అక్కడ ఉన్నారు. వేదిక మీద చెప్పుకునే ఊరికీ, నిజంగా బాకీ ఉన్న ఊరికీ మధ్య అతను ఖాళీ ఉంచలేదు. ఏడాదికొకసారి ఆగస్టు 9న తలపాగా చుట్టి, నెమలి ఈక పెట్టి ఊరేగి, మిగతా ఏడాది గూడెం పేరు మింగేసే మనలాంటివాళ్లకు అది ఇబ్బంది పెట్టే విషయం.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న మిగిలింది. చెప్పుకోవడానికి వాగే లేకుండా పోతే?

దక్షిణాఫ్రికాలో 1960 నుంచి 1983 దాకా సుమారు 35 లక్షల మందిని ఉన్న చోటు నుంచి లేపి వేరేచోట పడేశారు. తాత వాగు పేరు చెప్పుకుంటూ పాడే మనవడు ఆ వాగును ఎన్నడూ చూడకపోవచ్చు. మన దగ్గర పోలవరం ముంపులో పోయే, పోయిన గూడేలున్నాయి. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, కుకునూరు, వేలేరుపాడు మండలాల కోయలూ కొండరెడ్లూ పునరావాస కాలనీల్లోకి చేరుతున్నారు. అక్కడ పుట్టే పిల్లలకు ఇంటికి నంబరు ఉంటుంది. మీదే ఊరని అడిగితే ఏం చెప్పాలి? శబరి ఒడ్డున లేని గూడెం పేరు చెబితే అది నిజమా, అబద్ధమా?

నిజమేనని నేననుకుంటాను. పోయిన వాగు పేరు చెప్పడం కల కాదు, సాక్ష్యం. ఇక్కడ మనుషులుండేవాళ్లు, ఈ రాయి దగ్గర పూజ చేసేవాళ్లు అని చెప్పే కాగితం కలెక్టరాఫీసులో దొరకకపోవచ్చు, మనవడి నోట్లో దొరకాలి. కానీ మనవడికి ఆ పేరు ఎవరో చెప్పి ఉండాలి. ముసలమ్మలు ఉండగానే.

ఇది టీచర్ల పని అని అందరూ అంటారు. బడిలో ఎంతవరకు నేర్పగలమో షియాని ఎంగ్‌చోబో అనే పాటగాడి కథ చూస్తే తెలుస్తుంది. (జులూలో నాలుకతో చప్పరించే మూడు శబ్దాలున్నాయి, వాటికి తెలుగు లిపిలో అక్షరాలు లేవు. ఈ ఇంటిపేరులో అలాంటిదే ఒకటి ఉంది, నేను చో అని రాసి సరిపెట్టాను. సవర మాటలు తెలుగులో రాసే టీచర్లకు ఈ కష్టం తెలుసు.) 1953లో ఉమ్జింటోలో పుట్టాడు, డబ్బా గిటారు మీద మొదలుపెట్టాడు. బయటి దేశాలకు అతన్ని పరిచయం చేసిన రికార్డు వచ్చేసరికి 2004 అయింది, అతనికి 50 దాటాయి. డర్బన్‌లో క్వాజులు నేటాల్ యూనివర్సిటీ అతన్ని పిలిచి మస్కాండా పాఠం చెప్పించింది. 2011లో పోయాడు.

అలాంటి తరగతిలో శ్రుతి నేర్పవచ్చు. సన్నతీగ ఎంత దించాలో చూపించవచ్చు, వేళ్ల నడక పదిసార్లు చేయించవచ్చు, ఇజిహ్లాబో విసురు ఎలా విసరాలో నేర్పవచ్చు. పాట సాగి సాగి పొగడ్త చోటికి వస్తుంది. అక్కడ గురువు తన పొగడ్త ఇవ్వడానికి లేదు, ఇస్తే శిష్యుడు ఉమ్జింటోలో పుట్టినట్టవుతుంది. గిటారు ఆగకుండా నడుస్తుంటుంది. శిష్యుడు సెలవుల్లో ఇంటికి వెళ్లి అమ్మమ్మను అడిగి రావాలి.